కార్ల్ లార్సన్

కార్ల్ లార్సన్ (మే 28, 1853 - జనవరి 22, 1919) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు. దలార్నా ప్రాంతంలోని సుండ్‌బోర్న్ గ్రామంలో ఉన్న తన వేసవి ఇంటిని, ఆ ఇంట్లో భార్యాపిల్లల నిత్యజీవితాన్ని నీటిరంగులలో చిత్రించి దేశదేశాల్లో పేరు పొందాడు. తెల్లని గోడలు, తేలికైన చెక్క సామాను, చారల బట్టలు, కిటికీలో పూలకుండీలు, ధారాళంగా వెలుతురు: నేడు స్కాండినేవియా గృహాలంకరణ శైలిగా ప్రపంచమంతా గుర్తించే లక్షణాలలో అనేకం ఇతని చిత్రాల ద్వారానే జనంలోకి వెళ్ళాయి. అయితే ఆ ఇంటిని అలా తీర్చిదిద్దినవారిలో ఇతని భార్య కారిన్ పాత్ర ఎంతో పెద్దది. ఆమెకు తగిన గుర్తింపు చాలా ఆలస్యంగా లభించింది.

బాల్యం

లార్సన్ స్టాక్‌హోం పాతపట్టణమైన గామ్లా స్తాన్‌లో నిరుపేద కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఓలోఫ్ స్థిరమైన పని లేని కూలీ. కొంతకాలం ఓడలో బొగ్గు వేసే పని కూడా చేసాడు. తల్లి ఇదా ఇతరుల బట్టలు ఉతికి సంసారాన్ని నెట్టుకొచ్చేది. అద్దె చెల్లించలేక ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. తర్వాత చేరిన పేదల వాడలో ఒక్కొక్క గదిలో అనేక కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. మురికి, రోగాలు, తాగుడు, కొట్లాటలు అక్కడ నిత్యకృత్యాలు. తండ్రి ప్రేమ అన్నది ఇతడు ఎరుగడు. తన పుట్టుకనే తండ్రి శపించిన సంగతిని ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో కూడా మరచిపోలేదు. తరువాతి కాలంలో వెలుతురు నిండిన, పిల్లల సందడితో కళకళలాడే ఇంటినే పదేపదే ఎందుకు చిత్రించాడో అర్థం కావాలంటే ఈ బాల్యాన్ని గుర్తుంచుకోవాలి.

పేదపిల్లల పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు ఇతని ప్రతిభను గుర్తించి, 13 ఏళ్ళ వయసులో రాయల్ స్వీడిష్ కళా అకాడమీ ప్రాథమిక తరగతికి దరఖాస్తు చేయించాడు. అక్కడ మొదట బిడియంతో ఒదిగి ఉన్నా, 1869లో పై తరగతికి చేరిన తరువాత ధైర్యం వచ్చింది. చదువుకుంటూనే కాస్పర్ అనే హాస్య పత్రికకు వ్యంగ్యచిత్రాలు, మరొక సచిత్ర వారపత్రికకు బొమ్మలు వేసేవాడు. ఆ సంపాదనతో తల్లిదండ్రులను తానే పోషించగలిగాడు.

ఫ్రాన్స్‌లో

1877లో లార్సన్ పారిస్ వెళ్ళాడు. అక్కడి మొదటి సంవత్సరాలు నిరాశతోనే గడిచాయి. పెద్దపెద్ద తైలవర్ణ చిత్రాలు వేసి ప్రదర్శనశాలలకు పంపినా ఆదరణ దక్కలేదు. పుస్తకాలకు బొమ్మలు వేయడమే జీవనాధారమయింది. స్వీడిష్ ప్రజల చరిత్రపై రచయిత ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్ రాసిన గ్రంథానికి బొమ్మలు వేసింది ఈ కాలంలోనే. అప్పటికి వారిద్దరూ మంచి మిత్రులు.

1882లో పారిస్‌కు దక్షిణాన ఉన్న గ్రె అనే పల్లెకు మకాం మార్చడంతో ఇతని జీవితం మలుపు తిరిగింది. స్కాండినేవియా దేశాల చిత్రకారులు అనేకులు అక్కడ కలిసి ఉండేవారు. అక్కడే లార్సన్ తైలవర్ణాలను పక్కనపెట్టి నీటిరంగులు పట్టాడు. తోటలు, పాత రాతిగోడలు, పల్లెటూరి ముసలివాళ్ళు అతని వస్తువులయ్యారు. అక్కడే చిత్రకారిణి కారిన్ బెర్గోతో పరిచయం ప్రేమగా మారింది. 1883లో వారు వివాహం చేసుకున్నారు. మరుసటి ఏడు పెద్దకూతురు సుజాన్ పుట్టింది.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత లార్సన్ అకాడమీ పాతపద్ధతులను ఎదిరించిన యువచిత్రకారుల బృందంలో చేరాడు. 1886 నుండి కొన్నేళ్ళు గొథెన్‌బర్గ్‌లోని వాలాండ్ కళాశాలలో బోధించాడు. ఆ నగరంలోని సంపన్న కళాపోషకుడు పోంటస్ ఫర్స్టెన్‌బర్గ్ ఇతనికి అండగా నిలిచాడు.

కారిన్

కారిన్ (1859-1928) ఓరెబ్రోలో పుట్టి హాల్స్‌బర్గ్‌లో పెరిగింది. తండ్రి అడాల్ఫ్ బెర్గో పేరున్న వ్యాపారి. ఆమె 1877 నుండి 1882 వరకు కళా అకాడమీలో చిత్రకళ అభ్యసించింది. అంటే ఆమె చదువు భర్త చదువుకు ఏ విధంగానూ తీసిపోదు. కాని పెళ్ళయి పిల్లలు పుట్టిన తరువాత ఆమె కుంచె దాదాపుగా పక్కనపెట్టింది. ఒక ఇంట్లో ఇద్దరు చిత్రకారులు అక్కరలేదన్న భావన భర్తకు ఉండేది. ఆ కాలపు స్వీడన్‌లో దీనిని వింతగా చూసినవారు తక్కువ. చిత్రకళలో మూసుకుపోయిన దారి ఆమెకు మగ్గం మీద, సూదిదారంలో, వడ్రంగికి గీసి ఇచ్చిన నమూనాలలో తెరుచుకుంది. ఆమెకు ఎనిమిదిమంది సంతానం. వారిలో మాట్స్ పసికందుగానే చనిపోయాడు; ఉల్ఫ్ 18వ ఏట 1905లో మరణించాడు.

లిల్లా హిట్‌నేస్

1888లో కారిన్ తండ్రి, ఫాలున్ పట్టణానికి సమీపంలోని సుండ్‌బోర్న్ గ్రామంలో ఏటి ఒడ్డున ఉన్న ఒక చిన్న దుంగల ఇంటిని ఈ దంపతులకు ఇచ్చాడు. దాని పేరు లిల్లా హిట్‌నేస్. లిల్లా అంటే చిన్న, హిట్టా అంటే లోహం కరిగించే కొలిమి, నేస్ అంటే నీటిలోకి చొచ్చుకువచ్చిన నేల. ఫాలున్ శతాబ్దాలపాటు రాగి గనికి ప్రసిద్ధి కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో కొలిమి వినిపించడం సహజమే. ఆ గని 1992లో మూతపడింది. 2001లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

స్వీడన్ పల్లెల్లో కనిపించే ఎర్రటి చెక్క ఇళ్ళకు ఆ రంగు ఈ గని నుండే వచ్చింది. రాగి తీయగా మిగిలిన మట్టిలోని ఇనుప ఆక్సైడును, నీరు, రై ధాన్యపు పిండి, అవిసె నూనెలతో కలిపి ఉడికిస్తారు. ఈ పూత చెక్కను చెడిపోకుండా కాపాడుతుంది, చవక కూడా. నకిరేకల్, సూర్యాపేట ప్రాంతపు పల్లెల్లో సున్నం వేసిన గోడలకు అడుగున జాజుతో పట్టీ తీర్చడం చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. రెండు చోట్లా ఎరుపునిచ్చేది మట్టిలోని ఇనుమే. మనవైపు దానిని అలంకారంగా గోడ కింది అంచుకు పూస్తే, అక్కడ ఇల్లంతటికీ పూస్తారు.

మొదట వేసవి నెలల్లో మాత్రమే ఉండేందుకు వచ్చిన ఈ కుటుంబం, ఇంటికి ఏటా ఏదో ఒకటి జోడిస్తూ పోయింది. ముందు ఒక చిత్రశాల, 1900 ప్రాంతంలో మరొక పెద్ద చిత్రశాల కట్టారు. పనివాళ్ళు ఆ ఊరి వడ్రంగులు, కమ్మరులే. 1901లో వారు శాశ్వతంగా అక్కడే స్థిరపడ్డారు. అంతకుముందే, 1897లో, ఆ ఊరిలోనే స్పాదార్వెట్ అనే వ్యవసాయ క్షేత్రాన్ని కూడా కొన్నారు.

ఆ రోజుల్లో స్వీడన్ పట్టణాల్లో కలిగినవారి ఇల్లంటే ముదురురంగు చెక్కతో చేసిన బరువైన సామాను, మందపాటి పరదాలు, ఎవరూ అడుగుపెట్టని అతిథుల గది. లార్సన్ దంపతులు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచారు. మోజు తీరిపోయి మూలపడ్డ పద్ధెనిమిదో శతాబ్దపు కుర్చీలు, సోఫాలు తెచ్చి తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసి తిరిగి వాడుకలోకి తెచ్చారు. వాటిపై నీలం, తెలుపు చారల నూలుబట్ట తొడిగారు. కిటికీలకు బరువైన తెరలు తీసేసి పూలకుండీలు పెట్టారు. తలుపులపై కార్ల్ భార్యాపిల్లల రూపాలు చిత్రించాడు. వీధి గుమ్మం పైన అతిథులకు స్వాగతం రాసాడు. ఏ గదీ పిల్లలకు నిషిద్ధం కాదు.

వెలుతురుకు వారిచ్చిన ప్రాధాన్యానికి భౌగోళిక కారణం కూడా ఉంది. సుండ్‌బోర్న్ దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఉన్నది. నడివేసవిలో పగలు దాదాపు 19 గంటలు సాగితే, నడిశీతాకాలంలో ఆరు గంటలు కూడా ఉండదు. ఎండ నుండి తప్పించుకోవడానికి మందపాటి గోడలు, చిన్న కిటికీలు కోరుకునే మన మెట్టప్రాంతపు ఇంటికి, దొరికిన కొద్ది ఎండనూ లోపలికి ఆహ్వానించే ఆ ఇంటికి తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఇంట్లోని నేతబట్టలన్నీ దాదాపు కారిన్ సృష్టే. భోజనాల గదిలోని సోఫా వెనుక గోడకు వేలాడే నాలుగు మూలకాలు అనే నేతచిత్రం (1903), పొద్దుతిరుగుడు పువ్వు దిండు (1905), భర్త పడకగది ద్వారానికి తలుపుకు బదులు తానే నేసి వేసిన ప్రేమగులాబీ తెర ముఖ్యమైనవి. స్థానిక దలార్నా జానపద నేతను ఆమె అభ్యసించింది కాని యథాతథంగా అనుకరించలేదు. ఆకారాలను సూటి గీతలకు కుదించి, అప్పటికి ఎవరూ కలపని రంగులను పక్కపక్కన పెట్టింది. ఈ పనులు కొన్ని పదేళ్ళ తరువాత వచ్చిన ఆధునిక శైలికి దగ్గరగా ఉన్నాయని విమర్శకులు తరువాత గుర్తించారు. పోచంపల్లి చేనేతకు పేరుపడ్డ జిల్లా పాఠకులకు, మగ్గం దగ్గర కూర్చున్న మనిషి కూడా చిత్రకారుడే అన్న సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. లార్సన్ బొమ్మలు చూసినవారు మాత్రం చాలాకాలం ఆ దిండ్లను, తెరలను బొమ్మలో భాగంగానే చూసారు, వాటి వెనుక ఉన్న చేతిని చూడలేదు.

ఒక ఇల్లు

1894 వేసవి వానలతో గడిచింది. బయట బొమ్మలు వేసే వీలులేక చిరాకుపడుతున్న భర్తకు ఇంటినే చిత్రించమని కారిన్ సూచించింది. అలా మొదలైన నీటిరంగుల వరుస కొన్నేళ్ళు సాగింది. అల్లరి చేసినందుకు మూలన కుర్చీలో కూర్చోబెట్టిన చిన్న పోంటస్, కిటికీలోని మొక్కలకు నీళ్ళు పోస్తున్న సుజాన్, పెద్ద బిర్చ్ చెట్టు కింద కుటుంబమంతా చేసే ఫలహారం వంటివి వీటిలో ఎక్కువమందికి తెలిసినవి. స్పష్టమైన సన్నని నల్లగీత, దానిలోపల పలుచని రంగు ఈ చిత్రాల పద్ధతి. ఇందులో జపాన్ అచ్చుబొమ్మల ప్రభావం ఉంది. జపానును తన కళాజీవితపు మాతృభూమిగా లార్సన్ భావించేవాడు.

1897 స్టాక్‌హోం ప్రదర్శనలో వీటిని చూపించారు. 1899లో 24 చిత్రాలతో ఒక ఇల్లు (ఎత్ హెమ్) అనే పుస్తకం వెలువడింది. అందరికీ అందం అందాలని అదే కాలంలో రాసిన స్త్రీవాద రచయిత్రి ఎల్లెన్ కే ఆ ఇంటిని ఆదర్శంగా చూపింది. అందమైన ఇంటికి డబ్బుకంటే అభిరుచి ముఖ్యమన్నది ఆమె వాదం. 1909లో జర్మనీలో ఎండలో ఇల్లు అనే పేరుతో చవక ధరలో వచ్చిన సంకలనం మూడు నెలల్లో 40 వేల ప్రతులు అమ్ముడయింది.

బొమ్మలోని ఆనందం అబద్ధం కాదు, అయితే పూర్తి సత్యం కూడా కాదు. లార్సన్ తరచు తీవ్రమైన దిగులుకు లోనయ్యేవాడు. కోపాలు, సందేహాలు ఆ ఇంటికి కొత్త కాదు. పాతమిత్రుడు స్ట్రిండ్‌బర్గ్ తరువాతి కాలంలో వీరి దాంపత్యంపైనే తన రచనలో దాడి చేయడంతో ఆ స్నేహం వైరంగా ముగిసింది.

కుడ్యచిత్రాలు, చివరి పరాజయం

లార్సన్ దృష్టిలో తన అసలు కృషి ఇంటి బొమ్మలు కాదు, గోడలపై వేసిన పెద్ద చిత్రాలు. స్టాక్‌హోం జాతీయ మ్యూజియం మెట్లదారి గోడలపై ఇతడు వేసిన చిత్రాలు 1896లో పూర్తయ్యాయి. 1908లో గుస్తావ్ వాసా రాజు స్టాక్‌హోం ప్రవేశాన్ని చూపే చిత్రాన్ని అక్కడే అమర్చారు. దానికి ఎదుటి గోడ కోసం మిడ్‌వింటర్‌బ్లూత్ (నడిశీతాకాలపు బలి) అనే చిత్రాన్ని సంకల్పించాడు. వరుస కరువులు వచ్చినప్పుడు మొదట ఎడ్లను, తరువాత మనుషులను, చివరికి తమ రాజు దోమాల్దేనే ఉప్సాలా ఆలయం ముందు బలి ఇచ్చిన పురాతన గాథ దీని ఇతివృత్తం.

1911లో మొదటి చిత్తు చిత్రం చూపినప్పటినుండి వివాదం రేగింది. వేర్వేరు యుగాల వస్తువులు, దుస్తులు కలగలిశాయని పండితులు ఆక్షేపించారు. స్వీడన్ గతాన్ని నరబలితో చూపడం కొందరికి నచ్చలేదు. యువచిత్రకారులకు ఆ శైలే పాతబడిపోయింది. 1915లో పూర్తయిన ఈ చిత్రం ఎత్తు 6.4 మీటర్లు, వెడల్పు 13.6 మీటర్లు. మ్యూజియం దానిని తిరస్కరించింది. ఈ దెబ్బ తనను కుంగదీసిందని లార్సన్ ఆత్మకథలో చేదుగా ఒప్పుకున్నాడు. ఆనందపు బొమ్మలకు ప్రపంచం చేతులు చాచగా, తాను గొప్పదనుకున్న బొమ్మను స్వదేశమే తోసిపుచ్చడం ఇతని జీవితంలోని విషాదం.

జనవరి 22, 1919న లార్సన్ ఫాలున్‌లో మరణించాడు. సుండ్‌బోర్న్ చర్చి శ్మశానంలో ఖననం చేసారు. నేను అనే పేరుగల ఆత్మకథ 1931లో వెలువడింది. కారిన్ 1928లో మరణించింది.

మరణానంతరం

మిడ్‌వింటర్‌బ్లూత్ దశాబ్దాలపాటు గోడ లేని చిత్రంగా మిగిలింది. 1980లలో కొనమని అడిగినా మ్యూజియం నిరాకరించింది. 1987లో ఒక జపాన్ సేకర్త దానిని కొన్నాడు. 1992లో జాతీయ మ్యూజియం ద్విశతాబ్ది ప్రదర్శనకు అరువుగా తెచ్చినప్పుడు జనం విరగబడి చూసారు. చివరకు 1997లో విరాళాల సాయంతో మ్యూజియం దానిని కొని, లార్సన్ ఉద్దేశించిన గోడకే అమర్చింది.

1938లో స్వీడన్ చట్టం కార్మికులకు రెండు వారాల వేతన సెలవు హక్కుగా ఇచ్చిన తరువాత, వేసవి ఇల్లు సంపన్నుల సొత్తుగా కాక సామాన్యుల కోరికగా మారింది. నేడు ఆ దేశంలో దాదాపు ఆరు లక్షల సెలవు ఇళ్ళున్నాయి. వాటిలో చాలావాటి రూపంలో, ఐకియా వంటి సంస్థలు అమ్మే తేలికైన చెక్కసామానులో లిల్లా హిట్‌నేస్ ఛాయలు కనిపిస్తాయి.

1997లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం స్వీడిష్ శైలి సృష్టికర్తలుగా కార్ల్, కారిన్‌ల పేర్లు రెండూ కలిపి ప్రదర్శన ఏర్పాటు చేసింది. సుండ్‌బోర్న్‌లోని ఇల్లు వారి వారసుల సంఘం అధీనంలో ఉంది. కారిన్ నేసిన బట్టలు, కార్ల్ చిత్రించిన తలుపులు ఆ గదుల్లోనే ఉన్నాయి. వేసవిలో సందర్శకులు చిన్నచిన్న జట్లుగా వెళ్ళి వాటిని చూడవచ్చు.