హెన్రీ నికోలస్ రిడ్లే

హెన్రీ నికోలస్ రిడ్లే (1855 డిసెంబరు 10 - 1956 అక్టోబరు 24) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త. మలయా ద్వీపకల్పంలో రబ్బరు సాగుకు ఆద్యుడిగా లోకం ఇతనిని ఎరుగును. అయితే మొక్కల ఫలాలు, విత్తనాలు ఎలా వ్యాపిస్తాయన్న విషయంపై ఇతడు చేసిన కృషి శాస్త్రరీత్యా అంతకంటే తక్కువదేమీ కాదు.

బాల్యం, విద్య

రిడ్లే ఇంగ్లాండులోని నార్ఫోక్ ప్రాంతంలో ఒక మతాచార్యుని కుటుంబంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకొని, 1880లో బ్రిటిష్ మ్యూజియం వృక్షశాస్త్ర విభాగంలో చేరాడు. 1887లో బ్రెజిల్ తీరానికి దూరంగా ఉన్న ఫెర్నాండో డి నొరోన్హా అనే అగ్నిపర్వత ద్వీపానికి పరిశోధన నిమిత్తం వెళ్ళాడు.

సింగపూరులో

1888లో సింగపూరు వృక్షోద్యానానికి అధిపతిగా నియమితుడై, 1911 వరకు ఆ పదవిలో ఉన్నాడు. బ్రెజిల్ విత్తనాల నుండి పెంచిన రబ్బరు మొక్కలు 1877లోనే అక్కడికి చేరినా తోటల యజమానులు వాటిని లెక్కచేయలేదు. బ్రెజిల్‌లో చెట్టును గొడ్డలితో గాయపరచి పాలు తీసేవారు. రిడ్లే బెరడును పలుచగా చెక్కుతూ, అదే గాటు అంచును మళ్ళీ మళ్ళీ తెరచి, చెట్టుకు హాని లేకుండా పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. జేబులలో విత్తనాలు నింపుకొని తిరిగే ఇతనిని చూసి కొందరు పిచ్చివాడని నవ్వారు. మోటారు వాహనాలు వచ్చాక అదే పంట మలయాకు ప్రధాన ఆదాయమైంది. అందుకోసం విస్తారమైన అడవులు నేలకూలాయి.

విత్తన వ్యాప్తిపై పరిశోధన

రిడ్లే 1905లో గాలి ద్వారా విత్తనాలు వ్యాపించే తీరుపై ఒక వ్యాసం ప్రచురించాడు. అడవిలోని మహావృక్షాల రెక్కల కాయలు చాలావరకు తల్లిచెట్టుకు సమీపంలోనే రాలుతాయి, నూగు గల తేలిక గింజలు దూరాలకు పోతాయి. ఒకసారి నరికిన అడవి తిరిగి ఎందుకు త్వరగా రాదో దీనివల్ల అర్థమవుతుంది.

1930లో ఇతడు వెలువరించిన బృహద్గ్రంథం ప్రపంచంలోని మొక్కల వ్యాప్తిని గాలి, నీరు, పక్షులు, జంతువులు మొదలైన వాహకాలను బట్టి వర్గీకరించింది. దీనివల్ల పరస్పరం బంధుత్వం లేని మొక్కలు ఒకేచోట చేరి, వాటి పోలికలు స్పష్టమయ్యాయి. ఒకే అవసరం కొరకు వేరువేరు వంశాలు స్వతంత్రంగా ఒకే రూపాన్ని పొందడాన్ని అభిసరణ పరిణామం అంటారు.

మనకు తెలిసిన మొక్కలలోనే దీనికి ఉదాహరణలు ఉన్నాయి:

* రెక్కలు: శేషాచలం కొండలలోని జాలారి కాయకు రెక్కలు రక్షక పత్రాల నుండి ఏర్పడతాయి. మాధవీలతలో అవి అండాశయపు గోడ నుండి, మునగలో గింజ పైపొర నుండి వస్తాయి.
* నూగు: గడ్డిచామంతిలో రక్షక పత్రాలే నూగుగా మారతాయి. జిల్లేడులో అది గింజకు, బూరుగలో కాయ లోపలి గోడకు పుడుతుంది.
* ముళ్ళు: ఉత్తరేణి, మరులమాతంగి, పల్లేరు మూడూ జంతువులకు, మనుషులకు అంటుకొని ప్రయాణిస్తాయి. మూడూ వేరువేరు కుటుంబాలకు చెందినవి.

పని ఒకటే, కాని దానికి వినియోగపడిన అవయవం వేరు. ఈ తేడాయే అవి ఒకే పూర్వికుని నుండి ఆ రూపాన్ని వారసత్వంగా పొందలేదనడానికి ముఖ్యమైన ఆధారం. అయితే కాయ రూపాన్ని మాత్రమే చూసి దాని వాహకాన్ని నిర్ణయించరాదని, క్షేత్ర పరిశీలన అవసరమని నేటి శాస్త్రవేత్తలు భావిస్తారు. రిడ్లే గ్రంథం నేటికీ ఉపయోగపడడానికి అందులోని విస్తారమైన పరిశీలనలే కారణం.

ఇతర రచనలు, గౌరవాలు

మలయా ద్వీపకల్పపు వృక్షజాలాన్ని వివరిస్తూ 1922-25 మధ్య ఐదు సంపుటాలు ప్రచురించాడు. 1893లో ఇతడు వర్ణించిన వాండా మిస్ జోక్విమ్ అనే ఆర్కిడ్ 1981లో సింగపూరు జాతీయ పుష్పమైంది. 1907లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1950లో లిన్నేయన్ సొసైటీ పతకం లభించాయి.

మరణం

ఎనభై ఏళ్ళు దాటిన తరువాత వివాహం చేసుకున్న రిడ్లే, నూరేళ్ళు నిండిన మరుసటి సంవత్సరం లండన్ సమీపంలోని క్యూలో మరణించాడు.