ఖాళీ జాగాకూ చిరునామా రాసిన మీర్ మోమిన్

మీ అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ క్లాసు నుంచి వచ్చి కెర్నెల్, వర్చువల్ మెమరీ అంటూ ప్రశ్నలు వేస్తే కంగారు పడకండి. ఆదివారం చార్మినార్‌కి తీసుకెళ్లి మీర్ మోమిన్ కథ చెప్పండి.

ఆయనది ఇరాన్‌లోని అస్తరాబాద్. రాకుమారుడు హైదర్ మీర్జాకు చదువు చెప్పిన గురువు. సింహాసనం కోసం జరిగిన గొడవల్లో 1576లో ఆ శిష్యుడు హత్యకు గురయ్యాడు. గురువు దేశం విడిచి గోల్కొండ చేరారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆయన్ని పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా పెట్టుకున్నాడు. కొలతలు, తూకాల మీద పుస్తకం రాసిన పండితుడాయన.

గోల్కొండ కోటలో జనం కిక్కిరిశారు, నీళ్లకు కటకట. మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టాలనుకున్నప్పుడు నక్షా పని మీర్ మోమిన్‌కి వచ్చింది. ఆయన ముందు రెండు పెద్ద దారులు గీశారు. అవి కలిసేచోట 1591లో చార్మినార్ లేచింది. వాయవ్య భాగం రాజమహళ్లకు. మిగతా చోట్ల జనం తర్వాత నిండారు. పక్కనే కనిపించే మక్కా మసీదుకు పునాది పడింది 1617లో.

కెర్నెల్ చేసేదీ దాదాపు ఇదే. ప్రోగ్రాం మొదలవగానే దానికి అడ్రసుల నక్షా గీస్తుంది: కోడ్, డేటా ఒక వైపు, స్టాక్ దూరంగా ఇంకో చివర, మధ్యలో పెరగడానికి బోలెడు జాగా. ఆ జాగాకు అడ్రసులుంటాయి, వెనక అసలు మెమరీ ఉండదు. ప్రోగ్రాం అడిగి వాడుకున్నప్పుడే, సాధారణంగా 4 కిలోబైట్ల పేజీల చొప్పున, కెర్నెల్ సమకూరుస్తుంది. 32 బిట్ లినక్స్‌లో 4 జీబీ అడ్రసులుంటే మామూలుగా 3 ప్రోగ్రాంకి, 1 కెర్నెల్‌కి. రాజమహళ్ల వైపులాగే అందులోకి ప్రోగ్రాం నేరుగా వెళ్లలేదు. పోలిక ఒక్కచోట తప్పుతుంది: కెర్నెల్ ప్రతి ప్రోగ్రాంకీ విడి నక్షా ఇస్తుంది, ఎవరి చార్మినార్ వారిదే అన్నట్టు! ఇదీ పిల్లలకు చెప్పండి.

నగరం పేరెత్తగానే మనకు సుల్తానే గుర్తొస్తాడు, నక్షా గీసిన మనిషి గుర్తురాడు. అది అన్యాయమే. వీలుంటే పాతబస్తీలోనే ఉన్న దాయిరా మీర్ మోమిన్‌కి కూడా వెళ్లండి. ఆయన శ్మశానానికి కేటాయించిన నేల అది. 1625లో ఆయన్నీ అక్కడే ఖననం చేశారు. 1883లో మొదటి సాలార్‌జంగ్ చనిపోయినప్పుడు ఆయనకూ ఆ నేలలోనే చోటు దొరికింది.