భాగ్యరెడ్డి వర్మ

హైదరాబాదు నగరంలో 1888 మే 22వ తేదీన మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు ఒక కుమారుడు కలిగాడు. భాగయ్య అని పేరు పెట్టారు. అంటరానివారుగా ఎంచబడిన మాల కుటుంబం వారిది. ఆ భాగయ్యయే భాగ్యరెడ్డి వర్మగా తెలుగునాట ప్రసిద్ధులైనారు. ఆ పేరులోని రెండు బిరుదులకు గల కథ తెలిసినచో ఆయన జీవితంలో ముఖ్యభాగం తెలిసినట్లే.

ఆనాడు నగరాన్ని ఏలినది నిజాము ప్రభువు. అయినను రెసిడెన్సీ వైపునుండి, సికింద్రాబాదు దండు వైపునుండి ఆంగ్లేయుల అలవాట్లతో పాటు వారి భావాలు కూడా ఊరిలోకి ప్రవేశించినవి. వాటిలో ఒకటి నరజాతుల సిద్ధాంతం. ఆర్యులు వెలుపలినుండి వచ్చి ఇక్కడివారిని జయించారని ఐరోపా పండితులు వ్రాశారు. 1901 జనాభా లెక్కలు నడిపిన రిస్లీ దొర ముక్కుల కొలతలనుబట్టి కులాల హెచ్చుతగ్గులు తేల్చబూనాడు! ఇదే సిద్ధాంతం చీనా నగరాలకు కూడా చేరింది. షాంఘైలో 1903లో జౌ రోంగ్ అనే యువకుడు తన గ్రంథంలో దానిని మంచూ ప్రభువులపై ఆయుధంగా ప్రయోగించాడు. పాలకుడి కొలబద్ద పాలితుడి చేతికి చిక్కిన తీరు అది.

భాగయ్య కూడా దానిని తిరగవేసి పట్టుకున్నారు. ఆర్యులు తరువాత వచ్చినవారైతే, మొదట ఈ నేల ఎవరిది? పంచములని పిలువబడేవారిదే అని ఆయన వాదం. రెడ్డి అనగా రేడు, ఏలికయని చెప్పి, తొలినాటి ఏలికల సంతతివాడన్న భావంతో కులగురువు ఆయనను భాగ్యరెడ్డిని చేశారు. వర్మ బిరుదు 1913లో ఆర్యసమాజం వారు ఇచ్చినది. ఆర్యులు పరాయివారని చెప్పిన మనిషి ఆ బిరుదును తన పేరున నిలుపుకున్నారు. ఇందులో వైరుధ్యం లేకపోలేదు. కాని తన వారికి మేలు చేయ వచ్చిన చేతిని త్రోసివేయకపోవడం ఆయన స్వభావం.

1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథలతో, భజనలతో ప్రచారం సాగించారు. 1910లో ఇసామియా బజారులో పాఠశాల వెలసింది. ఉర్దూ రాజభాషగా ఉన్న ఊరిలో అంటరానివారి బిడ్డలకు తెలుగులో చదువు! 1911లో మన్యసంఘం ఏర్పడింది.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షులు భాగ్యరెడ్డి వర్మ. పంచమ శబ్దం ఏ శాస్త్రంలోనూ లేదనీ, తాము ఆది ఆంధ్రులమనీ ఆయన వాదించగా, సభ పేరే ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఆ సభ జరిగిన రోజులలో కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారట. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర నామాన్ని అంగీకరించింది. నిజాము రాష్ట్రపు 1931 జనాభా లెక్కలలో ఆది హిందూ నామం ఎక్కింది. ముక్కులు కొలిచిన లెక్కల పుస్తకంలోనే ఈ పేరు చేరడం గమనింపదగినది.

నరజాతులనే విభజనకు జీవశాస్త్రంలో ఆధారం లేదని నేటి శాస్త్రజ్ఞుల మాట. ఆ విధంగా చూచినచో భాగ్యరెడ్డి గారి వాదపు పునాది బలహీనమే. అయితే తల వంచుకొని తిరిగినవారు దానివల్లనే తల యెత్తి తమ పేరు తాము చెప్పుకొన్నారు.

పేరుతోనే ఆయన తృప్తిపడలేదు. ఆడపిల్లలను దేవతకు వదలే జోగినీ ఆచారంపై పోరాడారు. 1939 ఫిబ్రవరి 18న మరణించారు. పసుపు పండే ఆర్మూరు చుట్టుపట్ల పల్లెలతో సహా నిజామాబాదు జిల్లాలో ఆ ఆచారం ఇంకను దశాబ్దాలు సాగింది. దానిని నిషేధించే చట్టం 1988లో వచ్చింది.