ఆయ్దక్కి లక్కమ్మ

శివశరణుల చరిత్రలలో మంత్రులు కలరు, రాజ్యము విడిచి కట్టెలు అమ్మి జీవించినవారును కలరు. నేల రాలిన బియ్యపు గింజలు ఏరుకొని బ్రతికిన దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ అనగా ఏరిన బియ్యము. చేసిన కాయకమే వారికి ఇంటిపేరైనది.

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని అమరేశ్వరము వారి స్వస్థలము. 12వ శతాబ్దమున బిజ్జలుని కొలువులో భండారిగానున్న బసవేశ్వరుని కీర్తిని విని, దంపతులు కల్యాణమునకు వచ్చి స్థిరపడిరి. అదియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము.

బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యమును మారయ్య ప్రతిదినము ఏరి తెచ్చెడివాడు. లక్కమ్మ ఆ బియ్యమును వండి, లింగార్పితము చేసి, జంగమమునకు పెట్టిన పిమ్మట దంపతులు ప్రసాదము స్వీకరించెడివారు. అది భిక్షము కాదు, కాయకము. మన వేముల, పులివెందుల ప్రాంతములలో వేరుసెనగ పీకిన చేలలో మిగిలిన కాయలను ఏరుకొను స్త్రీలను చూచినవారికి, ఆ పని నడుమునెట్లు విరుచునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. ప్రొద్దెక్కినది, ఇంట గింజ లేదు. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని భర్తకు జ్ఞప్తికి తెచ్చెను. పెద్దల సన్నిధిలో వినుచున్న తత్త్వము గొప్పదే. అయినను దానికొరకు చేతిపనిని మానుట ఆమెకు సమ్మతము కాలేదు. మారయ్య నొచ్చుకొనక వెంటనే లేచి వెళ్ళెను. కాయకమే కైలాసమను భావమును మనమందరము బసవన్నకే ఆపాదింతుము గాని, ఆ మాట కనిపించునది ఈ మారయ్య వచనముననే.

నాడు ముంగిట బియ్యము విస్తారముగ రాలియుండెను. మారయ్య తొందరలో నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ మూట విప్పి చూచి సంతోషింపలేదు. ఇంత ఆశ మనకేల, ఇది మీ మనస్సు చేసిన పనియా, లేక బసవన్న మనలను పరీక్షించుచున్నాడా అని అడిగి, ఆ దినమునకు వలసినది తీసి, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరలించెను. మారయ్య మారు పలుకక వెళ్ళి పోసి వచ్చెను.

ఈ ఘట్టమును చదివిన గృహస్థునకు ఒక సందేహము తప్పక కలుగును. పిల్లల చదువు, వైద్యము, ఆడపిల్ల వివాహము, వానలేని సంవత్సరము ఇవన్నియు ముందుండగా, రేపటికి గింజ మిగుల్చుకొనని ఇల్లు ఎట్లు నిలుచును? సందేహము న్యాయమైనదే. కాని లక్కమ్మ ఖర్చుచేయుమని చెప్పలేదు. ఒక్క గింజయైనను పారవేయలేదు. అందరును త్రొక్కి పోవు గింజలతో సంసారము నడిపినదానికంటె పొదుపరి ఎవరు? ఆమె కాదన్నది తమ నిత్యపు కాయకమునకు మించి, ఆశతో తెచ్చిన దానిని. కడుపు కట్టుకొని కూడబెట్టుటకును, అందినదెల్ల మూటగట్టుటకును గల తేడాను ఆమె ఆ మూట విప్పిన క్షణముననే కనుగొనెను. మనలో పలువురము ఈ రెంటికిని పొదుపనియే పేరు పెట్టి తృప్తిపడుచున్నాము.

పేద ఇల్లు గనుక పెట్టుపోతలు లేవనుకొనరాదు. దంపతులు బసవేశ్వరుని, లక్షా తొంబదియారువేల జంగములను తమ ఇంటికి ఆహ్వానించిరనియు, ఉన్న కొద్ది బియ్యముతోనే లక్కమ్మ అందరిని తృప్తిపరచెననియు కథ కలదు. సంఖ్య మాట ఎట్లున్నను, ధనవంతుడు కాని వాడు దాసోహమునకు అర్హుడు కాడన్న తలపు కల్యాణమున లేకుండెననుట నిజము.

15వ శతాబ్దమున కూర్చబడిన శూన్యసంపాదనలో ఈ దంపతుల వృత్తాంతమునకు తగిన స్థానము లభించినది. అందు కడకు మారయ్య, లింగైక్యమునకు మార్గము తెలుపుమని భార్యనే వేడుకొనును, ఆమెయే బోధించును. లక్కమ్మ పేర సుమారు 25 వచనములు నిలిచియున్నవి. వాని అంకితము మారయ్యప్రియ అమరేశ్వరలింగము. తాను సరిదిద్దిన భర్త పేరును, విడిచివచ్చిన ఊరి దైవము పేరును ఆమె అందు కలిపి ఉంచినది.