మికితో తకయాసు

మికితో తకయాసు (1860 - 1938) జపాను దేశానికి చెందిన నేత్రవైద్యుడు. మెడ, ఛాతీ పైభాగాలలోని పెద్ద ధమనులను సన్నబరచే అరుదైన వ్యాధికి ఈయన పేరు మీదుగా తకయాసు ధమనిశోథ అనే పేరు వచ్చింది.

జీవితం

తకయాసు క్యూషూ ద్వీపంలోని సాగా ప్రాంతంలో జన్మించాడు. 1887లో టోక్యో విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, కనజావా నగరంలో నేత్రవైద్యాన్ని బోధించాడు. తరువాత అక్కడి వైద్యకళాశాలకు అధిపతి అయ్యాడు.

1908 నివేదిక

1908లో జపాను నేత్రవైద్య సంఘ సమావేశంలో ఈయన 21 ఏళ్ళ యువతి కంటిలోని విచిత్ర మార్పులను వివరించాడు. దృష్టినాడి కంటిలో ప్రవేశించే చోటు చుట్టూ సన్నని రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి దండవలె ఏర్పడ్డాయి. అదే సమావేశంలో ఒనిషి, కగోషిమా అనే వైద్యులు ఇటువంటి తమ రోగులకు మణికట్టు వద్ద నాడి అందడం లేదని తెలిపారు. మెడలోని కంఠధమనులు సన్నబడి కంటికి రక్తం చాలకపోవడమే ఈ మార్పులకు కారణమని తరువాత స్పష్టమయింది. తకయాసు చూసినది కంటిని మాత్రమే. వ్యాధి మూలం బృహద్ధమనిలోను, దాని శాఖలలోను ఉంది. 1951లో షిమిజు, సానో దీనిని నాడి అందని వ్యాధిగా వర్ణించారు.

వ్యాధి నిర్ధారణ

ఈ వ్యాధి ఎక్కువగా 40 ఏళ్ళలోపు స్త్రీలకు, ముఖ్యంగా ఆసియా దేశాలలో వస్తుంది. మొదట జ్వరం, నీరసం, బరువు తగ్గడం, కీళ్ళనొప్పులు కనిపిస్తాయి. ఇవి క్షయ వంటి ఇతర వ్యాధులలోనూ ఉండటం వలన నిర్ధారణ ఆలస్యమవుతుంది. ఈలోగా ధమని గోడలు మందమై, పని చేస్తే చేయి నొప్పి, కళ్ళు తిరగడం, చూపు మందగించడం మొదలవుతాయి. పక్షవాతం కూడా రావచ్చు.

రెండు చేతుల నాడి చూడటం, రెండింటిలోను రక్తపోటు కొలవడం, మెడపై స్టెతస్కోపుతో వినడం తొలి పరీక్షలు. 1990 నాటి అమెరికా ప్రమాణాలలో రెండు చేతుల రక్తపోటు మధ్య 10 మిల్లీమీటర్లకు మించిన తేడా ఒక ముఖ్య లక్షణం. 2022లో కొత్త ప్రమాణాలు వెలువడ్డాయి. ధమనుల చిత్రాలను డాప్లర్, సీటీ, ఎమ్మారై పరీక్షలు చూపుతాయి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ వ్యాధి తరచుగా ఉదరంలోని బృహద్ధమనికి, మూత్రపిండాల ధమనులకు కూడా సోకుతుంది. అందుచేత చిన్న వయసు స్త్రీలలో అధిక రక్తపోటుకు ఇదొక కారణం. చేతి ధమని మూసుకుపోతే ఆ చేతిలో రక్తపోటు తక్కువగా నమోదై అసలు ప్రమాదం మరుగున పడుతుంది. అటువంటప్పుడు కాళ్ళలో కూడా కొలవాలి. కృష్ణా డెల్టా ప్రజలకు విజయవాడ, గుంటూరు నగరాలలో సీటీ, ఎమ్మారై పరీక్షలు లభిస్తున్నాయి. తొలిదశలో గుర్తిస్తే స్టెరాయిడ్లు, రోగనిరోధక చర్యను తగ్గించే మందులతో వాపును అదుపు చేయవచ్చు.