మలేరియా మర్మాన్ని ఛేదించిన రొనాల్డ్ రాస్

మానవజాతిని అనాదిగా పీడించిన వ్యాధులలో మలేరియా ఒకటి. చిత్తడి నేలల నుండి వెలువడే చెడుగాలియే దీనికి కారణమని శతాబ్దాలపాటు ప్రజలు విశ్వసించారు. ఆ భ్రమను పారద్రోలిన శాస్త్రవేత్తలలో అగ్రగణ్యులు సర్ రొనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించారు. సాహిత్యంపై మక్కువ ఉన్నా, సైన్యాధికారియైన తండ్రి కోరిక మేరకు లండన్‌లో వైద్యవిద్య నభ్యసించి, 1881లో భారత వైద్యసేవలో చేరారు.

1883లో బెంగుళూరులో ఆయన నివాసంలో దోమల రొద దుర్భరంగా ఉండేది. అవి అక్కడే ఎందుకు మూగుతున్నాయని పరిశీలించగా, కిటికీ సమీపంలోని నీటితొట్టిలో దోమపిల్లలు కనిపించాయి. నీటిని పారబోయించగానే దోమలు తగ్గాయి. ఆ రొద సెకనుకు కొన్ని వందలసార్లు కొట్టుకొనే రెక్కల ధ్వనియే. గుడ్ల ఎదుగుదలకు రక్తంలోని మాంసకృత్తులు అవసరం కనుక ఆడదోమ మాత్రమే కుడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, దేహపు వేడి, చెమట వాసన దానికి దారి చూపుతాయని నేటి విజ్ఞానశాస్త్రం తెలుపుతున్నది.

రోగుల రక్తంలో మలేరియా క్రిమిని 1880లో లావెరాన్ కనుగొన్నారు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతున్నదో ఎవరికీ అంతుబట్టలేదు. దోమకు ఇందులో పాత్ర ఉండవచ్చునని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు సూచించారు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాదు చేరి పరిశోధన ప్రారంభించారు. రెండేళ్లపాటు ఎన్నో దోమలను కోసి చూసినా ఫలితం దక్కలేదు. అవి మలేరియాను మోసే జాతి దోమలు కావు. పంకా వీస్తే దోమలు ఎగిరిపోతాయని, ఉక్కపోతను భరిస్తూనే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకొని, ఆ ప్రయోగానికి తన దేహాన్ని అప్పగించాడు. 1897 ఆగస్టు 20న, అతని రక్తం తాగిన అనాఫిలిస్ దోమ కడుపులో రాస్ మలేరియా క్రిమిని దర్శించారు.

కొద్ది వారాలకే బదిలీ వచ్చి పరిశోధనకు అంతరాయం కలిగినా, ఆయన నిరుత్సాహపడలేదు. 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు జరిపి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరి, కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించారు. అదే ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞులు మనుషులలోనూ ఈ సత్యాన్ని నిర్ధారించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. 1932 సెప్టెంబరు 16న ఆయన లండన్‌లో కన్నుమూశారు.

ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. నిలువనీటిని తొలగించడమే దోమల నివారణకు తొలిమెట్టని బెంగుళూరు నీటితొట్టి చెప్పిన పాఠం నేటికీ ఆచరణీయమే.