నంబర్లు పంచిన జాన్ పోస్టెల్

లినక్స్ వాడే ఫ్రెండ్స్ ఒకసారి ఈటీసీ డైరెక్టరీలో సర్వీసెస్ అనే ఫైలు తెరిచి చూడండి. ఎఫ్‌టీపీకి 21, ఎస్‌ఎస్‌హెచ్‌కి 22, టెల్నెట్‌కి 23, మెయిల్‌కి 25, వెబ్‌కి 80 అని పెద్ద లిస్టు ఉంటుంది. పరీక్ష కోసం మనమంతా వీటిని బట్టీ పడతాం. కానీ ఈ నంబర్లు ఎవరిచ్చారు? నాకీ డౌటు వచ్చి వెతికితే జాన్ పోస్టెల్ పేరు దొరికింది.

ఆయన 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. 1969లో ఆర్పానెట్ మొదటి నోడ్ లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో పెట్టినప్పుడు అక్కడే స్టూడెంట్. అంటే ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో చాలామంది మనలాంటి విద్యార్థులే! వాళ్లు తమ ఆలోచనలను ఆర్‌ఎఫ్‌సీలు అనే నోట్స్‌గా రాసుకునేవాళ్లు. వాటికి ఎడిటర్‌గా ఉండే పని పోస్టెల్ తీసుకుని, చనిపోయేదాకా చేశారు.

సర్వీసులు పెరిగేకొద్దీ ఎవరికి ఏ నంబరో గుర్తుపెట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది. 1972లో ఆయన ఒక చిన్న నోట్‌లో, నంబర్లు ఇచ్చే పెద్ద ఒకరుండాలి, అది నేనే అయితే ఎలా ఉంటుంది అన్నట్టుగా అడిగారు. ఎవరూ కాదనలేదు. తర్వాత దానికే ఐయానా అని పేరొచ్చింది.

నంబర్లతోనే ఆగలేదు. మనం పింగ్ కొట్టినప్పుడు వెళ్లే ఎకో మెసేజ్ ఉన్న ఐసీఎంపీ ప్రమాణం 1981లో ఆయన రాసిందే. 1982లో మెయిల్ ప్రమాణం ఎస్‌ఎంటీపీ, 1983లో జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి టెల్నెట్ ప్రమాణం రాశారు. ఎస్‌ఎంటీపీలో నాకు నచ్చేది, మెషీన్లు మాట్లాడుకునే మాటలు మనిషికి కూడా అర్థమవడం. ఎక్కడో ఉన్న మెయిల్ సర్వర్ బతికే ఉందా అని చూడాలంటే టెల్నెట్‌తో 25కి కనెక్టయి, హెలో కమాండ్ చేత్తో టైప్ చేస్తే చాలు. 250 అని జవాబొస్తే సర్వీసు పనిచేస్తున్నట్టే. దీనికి వేరే టూల్ అక్కర్లేదు.

టెల్నెట్‌లో పాస్‌వర్డ్ కూడా అలాగే బహిరంగంగా వెళ్తుంది. అందుకే 1995లో ఫిన్లాండ్‌కి చెందిన తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. 21కీ 23కీ మధ్య ఖాళీగా ఉన్న 22 కావాలని ఐయానాకి మెయిల్ పెట్టారు. మర్నాడే జాయిస్ రేనాల్డ్స్ దగ్గర్నుంచి జవాబొచ్చింది, 22 ఇచ్చేశామని. అప్పట్లో పని అంత సింపుల్‌గా జరిగేది.

అయితే ఇంత నమ్మకం ఒక్క మనిషి చేతిలో ఉండొచ్చా? 1998 జనవరిలో పోస్టెల్ డీఎన్ఎస్ రూట్ సర్వర్లు నడిపేవాళ్లకి మెయిల్ పెట్టారు, ఇకమీదట డేటా తన ఆఫీసు మెషీన్ నుంచి తీసుకోమని. ఎనిమిది సర్వర్లు మారిపోయాయి. వాడేవాళ్లకి తేడా ఏమీ తెలియలేదు. అమెరికా ప్రభుత్వం మాత్రం ఉలిక్కిపడి వెనక్కి మార్చమంది. అది టెస్ట్ మాత్రమేనని చెప్పి ఆయన మార్చేశారు. నాకు రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, అడిగే అధికారమూ లేదు. కానీ ఒక్క మెయిల్‌కి అంతమంది సరే అన్నారంటే, సొంత లాభం చూసుకోకుండా దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి కాబట్టే.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఈ బాధ్యత కోసం ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. అది నిలదొక్కుకోవడం చూడకుండానే, గుండె ఆపరేషన్ తర్వాత, 1998 అక్టోబర్ 16న పోస్టెల్ కన్నుమూశారు. వయసు 55. మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆర్‌ఎఫ్‌సీగానే వచ్చింది, నంబరు 2468. నెట్‌వర్క్స్ సిలబస్‌లో అది లేదు, అయినా చదవండి.